నాలుగు ఊళ్లలో ఉన్న 1.2 టీబీ ఫోటోల మీద లెక్క: ఐపీఎఫ్ఎస్ డేటాను కదపకుండా ప్రోగ్రాంనే అక్కడికి పంపడం

ప్రశ్నను నాకర్థమైన మాటల్లో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. తిరుపతిలో మీ ల్యాబ్, దామలచెరువు, బంగారుపాళెం, పలమనేరు: ఈ నాలుగు చోట్ల ఒక్కో కంప్యూటర్ ఉంది. మామిడి పూత మీద డ్రోన్‌తో దగ్గరగా తీసిన ఫోటోలు ఒక్కోచోట సుమారు 300 జీబీ, అన్నీ కలిపి 1.2 టీబీ. వాటిని ఐపీఎఫ్ఎస్‌లో, అంటే ఒకే సర్వర్ మీద ఆధారపడకుండా ఫైళ్లని ఎన్నో కంప్యూటర్లలో ఉంచి పంచుకునే వ్యవస్థలో పెట్టారు. బూడిద తెగులు గుర్తుపట్టే మోడల్ మీ దగ్గర తయారుగా ఉంది. ఫోటోలన్నీ ఒకచోటికి లాగకుండా ఎక్కడివక్కడే లెక్క కట్టొచ్చా? ఫైల్‌కాయిన్‌లో (డబ్బు తీసుకుని డేటా దాచిపెట్టే నెట్‌వర్క్) పెడితే ఆ నెట్‌వర్కే లెక్క కట్టిపెడుతుందా? వచ్చిన ఫలితాన్ని నమ్మేదెలా? మీరు ముఖ్యంగా అడిగినవి ఈ మూడు, చివర్లో మోడల్‌కి శిక్షణ కూడా ఇలాగే ఇవ్వొచ్చా అన్నారు.

నేరుగా జవాబు: కట్టొచ్చు. మీ పనికి అదే సరైన దారి కూడా, ఎందుకంటే ఒక ఫోటో ఫలితం ఇంకో ఫోటో మీద ఆధారపడదు. కానీ ఐపీఎఫ్ఎస్ లెక్కలు కట్టదు, ఫైల్‌కాయిన్ కూడా కట్టదు. రెండూ దాచిపెట్టేవే. వాటి పైన పని పంచే పొర ఒకటి వేరుగా పెట్టుకోవాలి. ఈ పనికోసమే తయారైంది బకల్యావ్. ఐపీఎఫ్ఎస్, ఫైల్‌కాయిన్ తయారుచేసిన ప్రోటోకాల్ ల్యాబ్స్‌లో 2022లో మొదలైన ప్రాజెక్టు ఇది, ఇప్పుడు ఎక్స్‌పాన్సో అనే కంపెనీ చూసుకుంటోంది. పోర్చుగీసులో ఆ మాటకి ఉప్పుచేప అని అర్థం. ఆ చేప ఇంగ్లీషు పేరు కాడ్, 'కంప్యూట్ ఓవర్ డేటా' మొదటి అక్షరాలూ అవే. పేరు అందుకే పెట్టారు.

ఇంకోమాట కూడా మొదటే చెప్పాలి. ఈ లెక్క ఒక్కసారితో అయిపోయేదైతే ఇదంతా వద్దు. మూడు హార్డ్ డిస్కులు బస్సులో తిరుపతికి తెచ్చుకుని ల్యాబ్‌లోనే కట్టుకోండి, ఇంత ఏర్పాటు లేకుండానే తేలిపోతుంది. మోడల్ నెలనెలా మారుతుంటే, పూత కాలంలో వారం వారం కొత్త ఫోటోలు చేరుతుంటే, లేదా రైతులు ఫోటోలు తమ ఊరు దాటకూడదంటే అప్పుడు ఈ ఏర్పాటుకి పెట్టిన శ్రమ తిరిగొస్తుంది.

అంకెలు వేసి చూడండి. పల్లెల్లో ఫైబర్ కనెక్షన్ డౌన్‌లోడ్ ఎంతున్నా అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుందాం. 300 జీబీ అంటే 2,400 గిగాబిట్లు. 20 ఎంబీపీఎస్ మీద 1,20,000 సెకన్లు, అంటే 33 గంటల 20 నిమిషాలు, అదీ లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే. అదే మీ ప్రోగ్రాం, మోడల్ కలిపి 2 జీబీ ఉంటే 20 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ మీద 14 నిమిషాల లోపే అక్కడికి చేరుతుంది. ఫోటోకి 8 ఎంబీ చొప్పున మొత్తం 1,50,000 ఫోటోలు. ఒక్కో ఫోటోకి ఫలితం 200 బైట్ల వరుస అనుకున్నా అన్నీ కలిపి 30 ఎంబీ. మన చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు తోటల పక్కనే ఎందుకు పెట్టారో అదే లెక్క ఇక్కడా: కాయంతా మోసుకెళ్లి టెంక, తొక్క అక్కడ పారేయడం దేనికి?

ఇక అసలు చిక్కు దగ్గరికొస్తాను. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. హడూప్‌లో (పెద్ద డేటాని చాలా మెషిన్లకి పంచి లెక్క కట్టే వ్యవస్థ) ఏ బ్లాకు, అంటే ఫైల్ ముక్క, ఏ మెషిన్‌లో ఉందో నేమ్‌నోడ్ అనే పెద్ద మెషిన్‌కి తెలుసు. బ్లాకు మామూలుగా 128 ఎంబీ, మూడు కాపీలు, హడూప్ పనిని వీలైనంతవరకు ఆ కాపీ ఉన్న చోటికే పంపుతుంది. ఐపీఎఫ్ఎస్‌లో అలా చెప్పే పెద్దదిక్కు లేదు. సీఐడీ, అంటే డేటాలోని బైట్ల నుంచే లెక్క కట్టిన గుర్తింపు, ఆ డేటా ఏమిటో చెప్తుంది, ఎక్కడుందో చెప్పదు. మీరు సీఐడీ ఇచ్చి పని పంపారనుకోండి, అది తిరుపతి మెషిన్‌కి దక్కితే, తిరుపతి మెషిన్ ఏ గొడవా చేయకుండా పలమనేరు నుంచి 4 జీబీ లాక్కుని లెక్క కట్టి ఇచ్చేస్తుంది. ఫలితం సరిగ్గానే వస్తుంది, ఏ ఎర్రర్ రాదు. డేటా కదిలిపోయిందని మీకు నెట్ బిల్లో, గంటల ఆలస్యమో చెప్పేదాకా తెలియదు. 'వికేంద్రీకరణ పెట్టాం, అయినా నెమ్మదిగా ఉంది' అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. కాబట్టి ఏ డేటా ఎక్కడుండాలో మీరు నిర్ణయించాలి, పని అక్కడికే పోయేట్టు కట్టడి చేయాలి.

ముందు డేటాను పనికి తగ్గట్టు సర్దండి. కూబో, అంటే ఐపీఎఫ్ఎస్‌ని నడిపే ప్రోగ్రాం, మామూలుగా ఫైల్‌ని 256 కిబీ (1 కిబీ అంటే 1,024 బైట్లు) ముక్కలుగా కోస్తుంది. 8 ఎంబీ ఫోటో 31 ముక్కలవుతుంది. జేపెగ్ ఫోటోలో ఒక ముక్క తీసుకుని దానిమీద ఏ లెక్కా కట్టలేం, కాబట్టి హడూప్‌లోలా బ్లాకుకో పని అన్న పద్ధతి ఇక్కడ కుదరదు. పనికి కొలత ఫైల్, అంతకంటే మేలు ఫోల్డర్. 500 ఫోటోలకి ఒక ఫోల్డర్ చేయండి, తోట, తేదీ వారీగా. ఫోల్డర్ 4 జీబీ అవుతుంది, ఒక్కోచోట 75, మొత్తం 300 ఫోల్డర్లు. ప్రతి ఫోల్డర్ సీఐడీ ఒక పని. ఎందుకు 4 జీబీ అంటే, బకల్యావ్ ఐపీఎఫ్ఎస్ ఇన్‌పుట్‌ని తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ తీసుకుని ఆ తర్వాతే కంటైనర్‌కి (ప్రోగ్రాం విడిగా నడిచే పెట్టె) చూపిస్తుంది. ఒకేసారి 3 పనులు నడిస్తే 12 జీబీ ఖాళీ ఉండాలి. 300 జీబీ మొత్తాన్ని ఒకే పనిగా ఇస్తే ఇంకో 300 జీబీ ఖాళీ కావాలి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి.

ఫోటోలు ఎక్కించేటప్పుడు నాలుగు చోట్లా ఒకే సెట్టింగు ఉండాలి: సీఐడీ వెర్షన్ 1, రా లీవ్స్ (ముక్కలకి అదనపు పొర చుట్టకుండా ఉంచడం) ఆన్, చంకర్ సైజు, అంటే ముక్క సైజు, 10,48,576 బైట్లు అంటే 1 మిబీ. దీనికి రెండు కారణాలు. మొదటిది, ఒకే ఫోటోని వేరే ముక్క సైజుతో ఎక్కిస్తే వేరే సీఐడీ వస్తుంది. పలమనేరులో ఒకలా, తిరుపతిలో ఒకలా ఎక్కిస్తే రెండో కాపీ ఉందని ఎవరికీ తెలియదు. డీఫాల్ట్‌ల మీద వదిలేయకండి, వెర్షన్ మారితే డీఫాల్ట్ మారొచ్చు. రెండోది ముక్కల సంఖ్య. 256 కిబీ అయితే ఒక్కోచోట 37,500 ఫోటోలకి 11 లక్షలకు పైగా ముక్కలు. ప్రతి ముక్కా డిస్క్ మీద ఒక చిన్న ఫైల్. 1 మిబీ అయితే 3 లక్షలే. పాత హార్డ్ డిస్క్ మీద ఈ తేడా చేతికి తెలుస్తుంది. ఇంకా పెంచి 4 మిబీ చేద్దామనుకోకండి, ఐపీఎఫ్ఎస్ మెషిన్లు ముక్కలు ఇచ్చిపుచ్చుకునే బిట్‌స్వాప్‌లో 2 మిబీ దాటిన బ్లాకు పోదు.

డిస్క్ చోటు గురించి ఒక జాగ్రత్త. ఐపీఎఫ్ఎస్‌లోకి ఎక్కించడమంటే కాపీ చేయడం. 300 జీబీ ఫోటోలు అలాగే ఉండగా ఇంకో 300 జీబీ పడుతుంది. కాపీ చేయకుండా అసలు ఫైల్‌నే చూపించే ఫైల్‌స్టోర్ పద్ధతి ఉంది కానీ అది ఇంకా ప్రయోగ దశలోదే. ఆ ఫోటోని ఎవరైనా వేరే ఫోల్డర్‌కి మార్చినా, తిప్పి సేవ్ చేసినా ఆ సీఐడీ అక్కడితో సరి. నలుగురు చెయ్యి పెట్టే మెషిన్లలో అది వద్దు.

ఎక్కించాక పిన్ అయిందో (చెరపకుండా ఉంచమన్న గుర్తు పడిందో) లేదో చూసుకోండి. కూబోలో చెత్త ఏరివేత మామూలుగా దానంతటది నడవదు. కానీ డెమన్‌ని (వెనకాల ఎప్పుడూ నడిచే కూబో) ఎవరైనా ఆ ఆప్షన్‌తో నడిపితే, స్టోరేజ్ పరిమితి డీఫాల్ట్ 10 జీబీ మాత్రమే, అందులో 90 శాతం దాటగానే పిన్ లేని ముక్కలన్నీ ఊడ్చేస్తుంది. వేరే నోడ్ (నెట్‌వర్క్‌లోని మెషిన్) నుంచి చూసినప్పుడు కాష్‌లో చేరినవి పిన్ కిందికి రావు. 'నిన్న ఉంది, ఈరోజు లేదు' అన్న సమస్యకి చాలాసార్లు కారణం ఇదే. ఫోల్డర్ నిజంగా పూర్తిగా ఇక్కడుందా అని తేల్చుకోడానికి డెమన్ ఆపి, ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో ఆ సీఐడీ మీద డాగ్ స్టాట్ కమాండ్ నడపండి. ఒక్క ముక్క తక్కువున్నా అక్కడే తప్పు చూపి ఆగిపోతుంది. డెమన్ నడుస్తుండగా చూస్తే లేని ముక్కను నెట్‌లోంచి తెచ్చేసుకుని అంతా బాగుందంటుంది. నెలకోసారి రెపో వెరిఫై కమాండ్ నడపండి, డిస్క్ చెడి ముక్క పాడైతే హాష్ (బైట్ల నుంచి లెక్క కట్టిన గుర్తు) తేడా అక్కడ బయటపడుతుంది.

రెండో కాపీ తప్పనిసరి. ఐపీఎఫ్ఎస్ క్లస్టర్ (ఏ డేటా ఎన్ని మెషిన్లలో ఉండాలో చూసుకునే ప్రోగ్రాం) పెట్టి, రెప్లికేషన్, అంటే కాపీల సంఖ్య, కనిష్ఠం 2, గరిష్ఠం 2 ఇవ్వండి. ఐపీఎఫ్ఎస్‌లోనే ఒక్కోచోట 600 జీబీ అవుతుంది. క్లస్టర్ వల్ల ఇంకో లాభం, ఏ సీఐడీ ఏ మెషిన్‌లో ఉందో అది చెప్తుంది: స్టేటస్ అడిగితే ఉన్న మెషిన్ ఎదురుగా పిన్డ్ అనీ, లేనిదాని ఎదురుగా రిమోట్ అనీ చూపిస్తుంది. హడూప్‌లో నేమ్‌నోడ్ చేసే పని ఇక్కడ ఈ జాబితాతో మీరు చేసుకోవచ్చు. క్లస్టర్ మెషిన్లన్నిటి జాబితా ఒకటిగా ఉంచే పద్ధతుల్లో రాఫ్ట్ వద్దు, సీఆర్‌డీటీ పెట్టండి. రాఫ్ట్‌లో సగానికి మించిన మెషిన్లు బతికుంటేనే పని జరుగుతుంది. నాలుగింట రెండుచోట్ల ఒకేసారి కరెంటు పోవడం మనకి ఏప్రిల్, మే నెలల్లో మామూలే. సీఆర్‌డీటీలో ఆగిన మెషిన్ తిరిగొచ్చాక తనే కలిసిపోతుంది. మొదటి కాపీకి నెట్ వాడకండి. ఫోల్డర్లని కార్ ఫైళ్లుగా (ముక్కల్ని సీఐడీలతో సహా మూటగట్టే ఫార్మాట్) ఎగుమతి చేసి, పోర్టబుల్ డిస్క్‌లో వేసి, అవతల దిగుమతి చేయండి. సెకనుకి 100 ఎంబీ రాసే డిస్క్ మీద 300 జీబీ 50 నిమిషాల పని. దారిలో డిస్క్ ఏమైనా పాడైతే సీఐడీ కుదరదు, అక్కడే పట్టుబడుతుంది.

నెట్‌వర్క్ విషయంలో మీ నాలుగు మెషిన్లకీ ప్రైవేట్ నెట్‌వర్కే నా సలహా. స్వార్మ్ కీ (ఈ నెట్‌వర్క్ రహస్య తాళంచెవి) ఒకటి తయారుచేసి నాలుగుచోట్లా పెట్టండి, మొదట ఎవరిని కలవాలో చెప్పే బూట్‌స్ట్రాప్ జాబితాలో బయటి నోడ్లన్నీ తీసేయండి, ప్రైవేట్ నెట్ తప్పనిసరి చేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేయండి. అప్పుడు కీ కనబడకపోతే డెమన్ లేవనే లేవదు, పొరపాటున బయటి నెట్‌వర్క్‌లో కలవదు. ఒకటి గుర్తుంచుకోండి, ప్రైవేట్ నెట్‌వర్క్‌లో యూడీపీ మీద నడిచే క్విక్ ప్రోటోకాల్ పనిచేయదు, టీసీపీ మాత్రమే. ఫైర్‌వాల్‌లో యూడీపీ 4001 మాత్రమే తెరిచి 'కలవడం లేదు' అనుకోకండి.

పబ్లిక్ నెట్‌వర్క్‌లోనే ఉంటామంటే ఇంకో తలనొప్పి. మీ దగ్గర ఫలానా ముక్క ఉందని డీహెచ్‌టీలో (ఏది ఎవరి దగ్గరుందో నోడ్లన్నీ పంచుకుని రాసుకునే పట్టిక) ప్రకటించాలి, ఒక్కో ప్రకటన 20 నోడ్లకి పోతుంది. ఆ ప్రకటన 48 గంటలకి చచ్చిపోతుంది, కూబో 22 గంటలకోసారి కొత్తగా ఇస్తుంటుంది. 3 లక్షల ముక్కలకి ఇంటి రూటర్ మీదుగా 22 గంటల్లో ప్రకటనలు పూర్తికాకపోతే, డేటా మీ డిస్క్‌లో భేషుగ్గా ఉన్నా బయటివాళ్లకి దొరకదు. ప్రకటన పద్ధతిని 'ఆల్' నుంచి 'రూట్స్'కి మారిస్తే ఫోల్డర్ తలకాయ సీఐడీ మాత్రమే ప్రకటిస్తుంది, 3 లక్షలు కాస్తా 75కి దిగుతుంది. కొత్త కూబోలో ఈ ప్రకటనల పని బాగా తేలిక చేశారు, కాబట్టి పాత వెర్షన్ మీద ఉంటే ముందు అది మార్చండి.

లోకల్ బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు చాలాచోట్ల అందరికీ కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు. అలాంటి లైన్ల వెనక రెండు మెషిన్లు నేరుగా కలవడం కష్టం. రిలే (మధ్యలో ఇంకో నోడ్ మీదుగా కలవడం) ఉంది కదా అనుకోకండి: రిలే వెర్షన్ 2 డీఫాల్ట్ పరిమితి ఒక కనెక్షన్‌కి 2 నిమిషాలు, 128 కిబీ. అది పరిచయం చేసి తప్పుకోడానికే, డేటా మోయడానికి కాదు. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వర్ ఒకటి అద్దెకి తీసుకుని దానిమీదుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో నాలుగింటినీ కలపడం తేలిక. బకల్యావ్‌లో పనులు పంచే ఆర్కెస్ట్రేటర్‌ని కూడా అక్కడే పెట్టండి. లెక్క కట్టే కంప్యూట్ నోడ్లే ఆర్కెస్ట్రేటర్ 4222 పోర్టుకి బయటికి కాల్ చేస్తాయి, కాబట్టి పల్లెల్లో ఏ రూటర్ సెట్టింగూ మార్చక్కర్లేదు. కాలేజీ ఫైర్‌వాల్ అడ్డొస్తే ఆ ఒక్క పోర్టుకి అనుమతి అడిగితే సరిపోతుంది. ఏం చేసినా కూబో 5001 పోర్టుని మాత్రం బయటికి తెరవకండి. అది నోడ్ తాళం చేతికిచ్చినట్టే, ఎవరైనా మీ పిన్‌లు తీసేయొచ్చు.

ఇక పనిని కట్టడి చేయడం. ప్రతి కంప్యూట్ నోడ్‌కి ఒక లేబుల్ ఇవ్వండి: చోటు = పలమనేరు, చోటు = బంగారుపాళెం, ఇలా. ప్రతి పని స్పెక్‌లో (పని వివరాల ఫైల్) ఆ లేబుల్ ఉండాలన్న షరతు పెట్టండి. నోడ్ వైపు కూడా ఒక గడియ ఉంది: పనుల అనుమతి సెట్టింగులో లోకాలిటీని 'లోకల్' చేస్తే, డేటా తన దగ్గర లేని పనికి ఆ నోడ్ ముందుకు రాదు. రెండూ పెట్టండి. నోడ్‌కి ఐపీఎఫ్ఎస్ చిరునామాగా అదే మెషిన్ కూబోని చూపించాలి. అన్ని నోడ్లకీ తిరుపతి కూబో చిరునామా కాపీ కొట్టేస్తే, అన్ని చోట్లా పనులు నడుస్తున్నట్టే కనిపిస్తాయి, డేటా మాత్రం తిరుపతి నుంచి పోతుంటుంది. ఒక స్క్రిప్ట్ రాసి, క్లస్టర్ స్టేటస్ చదివి, పిన్డ్ అని ఉన్న రెండు చోట్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచి 300 స్పెక్‌లు పుట్టించండి. చేత్తో రాయబోతే ఎక్కడో ఒక సీఐడీ తప్పుతుంది.

కంటైనర్‌ని నెట్ లేకుండా నడపండి, అదే మంచిది. కానీ లోపల పిప్ ఇన్‌స్టాల్ (నెట్ నుంచి లైబ్రరీలు తెచ్చే కమాండ్) రాసుంటే అక్కడే చస్తుంది. లైబ్రరీలన్నీ ఇమేజ్‌లోనే (కంటైనర్ తయారయ్యే మూట) కట్టేయండి. మోడల్ ఫైల్‌ని ఇమేజ్‌లో కాకుండా వేరే సీఐడీగా రెండో ఇన్‌పుట్ ఇవ్వండి. నెలకోసారి మోడల్ మారితే 2 జీబీ ఇమేజ్ మళ్లీ పంపక్కర్లేదు, 20 ఎంబీ మోడల్ ఒక్కటి పోతే చాలు. ఇమేజ్‌ని 'లేటెస్ట్' అని కాదు, డైజెస్ట్‌తో, అంటే దాని హాష్‌తో, పిలవండి. లేకపోతే సోమవారం తిరుపతిలో నడిచిందీ గురువారం పలమనేరులో నడిచిందీ వేరువేరు ప్రోగ్రాంలు కావచ్చు. గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్లకి పైటార్చ్ లైబ్రరీ మొత్తం ఎందుకు, మోడల్‌ని ఓఎన్ఎన్ఎక్స్ ఫార్మాట్‌కి మార్చి దాని సీపీయూ రన్‌టైమ్ మాత్రం పెడితే ఇమేజ్ బాగా తగ్గుతుంది.

మెమరీ లెక్క ఒకసారి చూడండి. డిస్క్ మీద 8 ఎంబీ ఉన్న 5472 × 3648 ఫోటో విప్పితే పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున 60 ఎంబీ అవుతుంది, ఫ్లోట్‌గా మారిస్తే 240 ఎంబీ. 500 ఫోటోలని ఒకేసారి లోడ్ చేసే కోడ్ 16 జీబీ మెషిన్‌ని పడగొడుతుంది. ఒక్కొక్కటి విప్పి, 640 × 640 గళ్లుగా కోసి, గడి తర్వాత గడి మోడల్‌కివ్వండి. అడ్డం 9, నిలువు 6, మొత్తం 54 గళ్లు. గడికి 80 మిల్లీసెకన్లు పడితే ఫోటోకి 4.3 సెకన్లు, ఫోల్డర్‌కి 36 నిమిషాలు, ఒక్కోచోట 75 ఫోల్డర్లకి 45 గంటలు. రెండు రోజుల పని. పని టైమ్‌అవుట్ 36 నిమిషాలకి మూడింతలు, 2 గంటలు ఇవ్వండి. ఎండాకాలం ఫ్యాన్ లేని గదిలో ప్రాసెసర్ వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటుంది, బిగుతుగా పెడితే 90 శాతం అయ్యాక చంపేస్తుంది. కరెంటు పోతే పోయేది ఆ నడుస్తున్న ఫోల్డర్ మాత్రమే.

ఒకే ఫోల్డర్ రెండుసార్లు నడిచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది: నోడ్ పని ముగించి చెప్పేలోపు లైను తెగితే ఆర్కెస్ట్రేటర్ మళ్లీ ఇస్తుంది. అందుకే ఫలితం ప్రతి వరుసలో ఫోల్డర్ సీఐడీ, ఫోటో సీఐడీ రాయండి. చివర కలిపేటప్పుడు ఒకే ఫోటో సీఐడీ రెండుసార్లొస్తే ఒకటి వదిలేయండి. సగటులు పంపొద్దు. ఫోల్డర్‌కి సగటు తెగులు శాతం పంపి, 300 సగటుల సగటు తీస్తే తప్పు, ఎందుకంటే చివరి ఫోల్డర్‌లో 500 కాక 120 ఫోటోలే ఉండొచ్చు. మొత్తమూ సంఖ్యా వేరుగా పంపండి. మధ్యస్థం కావాలంటే హిస్టోగ్రాం పంపండి.

నమ్మకం గురించి అడిగారు. సీఐడీ మీకిచ్చే హామీ ఇన్‌పుట్ మారలేదని మాత్రమే. లెక్క సరిగ్గా కట్టారని దానర్థం కాదు. మీ సొంత మెషిన్లు కాబట్టి మోసం భయం లేదు, పాడైన ర్యామ్, పాత మోడల్, సగం ఫోటోలు వదిలేసిన కోడ్, ఇవీ భయాలు. రెండో కాపీ వేరేచోట ఎలాగూ ఉంది కదా, 300లో 30 ఫోల్డర్లని లాటరీ తీసినట్టు ఎంచి ఆ రెండోచోట మళ్లీ నడపండి. పదింట ఒక ఫోల్డర్ తప్పుగా ఉంటే, 30 చూసినప్పుడు ఒక్కటీ చిక్కకుండా పోయే అవకాశం 0.9ని 30 సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 4 శాతం. 15 మాత్రమే చూస్తే 20 శాతం. అలాగే ప్రతి ఫోల్డర్‌లో జవాబు ముందే తెలిసిన 5 ఫోటోలు కలిపి ఉంచండి. కోడ్ తప్పులు అక్కడ పట్టుబడినంత త్వరగా ఇంకెక్కడా పట్టుబడవు.

రెండు ఫలితాలని పోల్చేటప్పుడు ఫైల్ హాష్‌లు పోల్చకండి, దాదాపు ఎప్పుడూ కుదరవు. ఒక ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ 512 (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క కట్టే సౌకర్యం) ఉండి ఇంకోదాంట్లో ఏవీఎక్స్ 2 మాత్రమే ఉంటే కూడికల వరుస మారి దశాంశాల చివరి అంకెలు మారతాయి. థ్రెడ్ల సంఖ్య మారినా అంతే. మూడు దశాంశాలకి కుదిస్తే సరిపోతుందనుకుంటారు, కానీ 0.12349, 0.12351 ఉన్నప్పుడు ఒకటి 0.123, ఇంకోటి 0.124 అవుతుంది. తేడా 0.001 లోపుంటే ఒకటేనని పోల్చండి. వరుసల్ని పేరు ప్రకారం పేర్చండి, ఫలితం ఫైల్‌లో టైమ్ రాయకండి. తెలియనివాళ్ల నోడ్ల మీద నడిపే రోజు వస్తే అప్పుడు ఒకే పనిని ముగ్గురికిచ్చి ఇద్దరు కలిసినదాన్ని తీసుకోవడం, ఎస్‌జీఎక్స్ లాంటి, ప్రాసెసర్‌లోనే తాళం వేసిన పెట్టెల్లో నడపడం అనే దారులున్నాయి. లెక్క సరైనదని గణితంతో చూపే జీరో నాలెడ్జ్ రుజువులు మీ సైజు మోడల్‌కి ఇప్పట్లో గిట్టుబాటు కావు.

ఫైల్‌కాయిన్ సంగతి. 2020 అక్టోబరులో మెయిన్‌నెట్ మొదలైంది. సెక్టార్, అంటే డేటా ఉంచే గది, మామూలుగా 32 లేదా 64 గిబీ, అందులో మీ డేటాని సీల్ చేసి (ప్రత్యేక రూపంలోకి మార్చి) ఉంచుతారు, 24 గంటలకోసారి అది ఇంకా ఉందని రుజువిస్తారు. ఆ రుజువు దాచారనడానికే, లెక్క కట్టారనడానికి కాదు. సీల్ చేసిన డేటాని చదవాలంటే విప్పాలి, అది గంటల పని. ప్రొవైడర్ విప్పిన కాపీ పక్కన ఉంచుకుంటేనే వెంటనే దొరుకుతుంది, ఆ మాట ఒప్పందానికి ముందే అడగాలి. 2023 మార్చిలో ఫైల్‌కాయిన్ మీద ప్రోగ్రాంలు నడిపే ఎఫ్‌వీఎం వచ్చాక స్మార్ట్ కాంట్రాక్టులు రాయొచ్చు కానీ వాటితో ఒప్పందాలు, చెల్లింపులు నడపగలరు, ఫోటోలు విప్పి తెగుళ్లు చూడలేరు. మీకు ఫైల్‌కాయిన్ పనికొచ్చేది పోయిన సీజన్ ఫోటోల్ని మూడో కాపీగా దాచుకోడానికి. కనీస ఒప్పందం 180 రోజులు. చిన్న ఫోటోలు విడివిడిగా తీసుకోరు, పెద్ద కార్ ఫైల్‌గా మూటగట్టి ఇవ్వాలి.

స్టోర్జ్ లాంటి ఇతర వికేంద్రీకృత స్టోరేజ్‌లలో ఈ పద్ధతి అసలే కుదరదు. అక్కడ డేటా మీ వైపే ఎన్‌క్రిప్ట్ అయి, 64 ఎంబీ సెగ్మెంట్లుగా, ఒక్కో సెగ్మెంట్ ఎన్నో ముక్కలుగా చెదిరిపోతుంది. 29 ముక్కలు పోగైతేనే తిరిగి తయారవుతుంది. ఏ ఒక్క నోడ్ దగ్గరా చదవగలిగిన ఫోటో ఉండదు. భద్రతకి అది గొప్ప బలం, 'డేటా ఉన్న చోటికే ప్రోగ్రాం' అన్న ఆలోచనకి చోటే లేదు.

మోడల్‌కి శిక్షణ కూడా ఇలాగే ఇద్దామా అని మీ ప్రశ్న చివర్లో ఉంది. అది వేరే కథ. ఫోటోలు గుర్తుపట్టే రెస్‌నెట్ 50 మోడల్‌లో 2.56 కోట్ల పారామీటర్లు, ఒక్కో అడుగులో 102 ఎంబీ గ్రేడియంట్లు (పారామీటర్లని ఎంత సవరించాలో చెప్పే అంకెలు). 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఒక్క అడుగుకే 41 సెకన్లు పోతాయి, శిక్షణకి వేల అడుగులు కావాలి. చేయాలంటే ఫెడరేటెడ్ పద్ధతిలో ఒక్కోచోట వందల అడుగులు వేసి తర్వాతే ఒకసారి కలపాలి. పెద్ద పట్టికల్ని కలపడం, సార్ట్ చేయడం లాంటి పనులు కూడా మధ్యలో డేటాని అటూఇటూ మారుస్తాయి, వాటిని ఈ ఏర్పాటు మీద వేయకండి.

ఒక్కటి మాత్రం ఎక్కించకముందే చేయండి. డ్రోన్ ఫోటోల ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్‌లో దాగి ఉండే వివరాలు) జీపీఎస్ ఉంటుంది, ఏ రైతు తోటో సెంటుతో సహా తెలిసిపోతుంది. పబ్లిక్ ఐపీఎఫ్ఎస్‌లో ఒకసారి ఎవరైనా తీసుకుంటే, మీరు పిన్ తీసేసినా వాళ్ల దగ్గర ఉండిపోతుంది, వెనక్కి తీసుకునే దారి లేదు. జీపీఎస్ తీసేసి, తోటకో నంబరు ఇచ్చి, ఆ నంబరుకీ రైతుకీ ఉన్న పట్టికని ల్యాబ్‌లోనే ఉంచుకోండి. ఎగ్జిఫ్ తీశాక ఫైల్ మారుతుంది, సీఐడీ మారుతుంది. ఇప్పటికే పబ్లిక్‌లో పెట్టేసి ఉంటే మళ్లీ ఎక్కించక తప్పదు, ముక్క సైజు కూడా ఆ చేత్తోనే సరిచేసుకోండి.

మొదలుపెట్టేటప్పుడు 300 ఫోల్డర్లతో కాదు, దామలచెరువు మెషిన్ ఒక్కదానిమీద 20 ఫోటోల ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. పని నడుస్తున్నంతసేపూ దామలచెరువు మెషిన్‌లో బిట్‌స్వాప్ స్టాట్ తెరిచి ఉంచండి. పంపిన బైట్లు కదలకుండా ఉంటే డేటా కదలనట్టే. పెరుగుతుంటే లేబులో, కూబో చిరునామానో ఎక్కడో తప్పింది, ఆ పని స్పెక్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.